ఎల్లలు చెప్పు మాట: సీమావివాద వాఙ్మయ విమర్శ

ప్రబంధలక్షణము చెప్పిన యాలంకారికులు నగరము, సముద్రము, ఋతువులు, చంద్రోదయము మొదలుగాఁ బదునెనిమిది వర్ణనలను విధించిరి. వానిలోఁ బొలముగట్టునకుఁ జోటు లేదు. ఇరువురు రైతులు గట్టుమీఁద నిలిచి యిది నాది, యది నీది యని వాదించుకొను ఘట్టము కావ్యవస్తువుగాఁ దగదని వారు తలఁచియుందురు. అయినను మార్కాపురము, కంభము, గిద్దలూరు, త్రిపురాంతకము మొదలగు పడమటి ప్రకాశసీమలో నొక కాఁపుటింటఁ గావ్యము లేకపోవచ్చును గాని, క్రయదస్తావేజు మాత్రము పెట్టెలో భద్రముగా నుండును. దాని చివర నాలుగు దిక్కులకును నాలుగు పంక్తులుండును. జనులు దీనిని చెక్కుబంది యందురు. ఈ నాలుగు పంక్తులు చక్కగాఁ గుదిరిన యిల్లు రెండుమూఁడు తరములు నిశ్చింతగా నుండును. కుదరని యింట నన్నదమ్ములే న్యాయస్థానము మెట్లెక్కుదురు.

ఇంత ఫలము గల గద్యమును గద్యముగా నెంచి గుణదోషవిచారము చేసినవారు మనలో నరుదు. అది కరణముల సొమ్మని పండితులును, పండితుల కేల యని కరణములును విడిచిపెట్టిరి. ఈ వ్యాసమునఁ జెప్పఁదలఁచిన దొక్కటే. సీమానిర్ణయమున సంఖ్యకంటె మాట బలవత్తరము, ఆ మాట తెలుఁగున నొకప్పుడు మిక్కిలి స్ఫుటముగా నుండెను, నేఁడది క్షీణించినది, ఆ క్షీణతకు మూలము లోభ మొక్కటియే కాదు, వాక్యరచనలోని దోషము కూడను.

మొదట శబ్దములను విచారింతము. సీమ యనఁగా నంచు. కాని రాయలసీమ, పలనాటిసీమ యనునపుడు అంచును దెలుపు మాట యంచులోపలి దేశమునంతటిని దెలుపుచున్నది. 1928లో నంద్యాలయందు జరిగిన సభలో దత్తమండలములకు రాయలసీమ యను పేరును చిలుకూరి నారాయణరావుగారు సూచించినపుడు ఈ యర్థవిస్తారమే పనికివచ్చెను. ఎల్ల తెలుఁగుమాట. పొలిమేర పొలముయొక్క మేర. ఈ మేరకు మూలముగాఁ బ్రాకృతమునందలి మేరా శబ్దమును, దానికి మూలముగా సంస్కృతమునందలి మర్యాదాశబ్దమును శాబ్దికులు చూపుదురు. హద్దు అరబ్బీనుండి వచ్చినది. సరిహద్దు పారసీకమునందలి సర్‌హద్దుయొక్క తెలుఁగు రూపము. అయినను మనవారు దాని మొదటి భాగమును తమ ‘సరి’ యను మాటగా వినిరి. ఇరువైపులవారికిని సరియైన హద్దే సరిహద్దు అను భావము లోకమునఁ గుదిరినది. వ్యుత్పత్తి తప్పైనను ఈ భావము తప్పు కాదు.

వీనిలో నెల్ల విచారింపఁదగినది మర్యాద. మనమిప్పుడు దానిని సభ్యత యను నర్థమున వాడుచున్నాము. యాజ్ఞవల్క్యుఁడు దానిని పొలముల నడిమి గట్టున కుపయోగించెను. పెక్కు క్షేత్రములను వేఱుచేయుచు నందఱికిని సాధారణమై యుండు నేలయే మర్యాద యని విజ్ఞానేశ్వరుఁడు వ్యాఖ్యానించెను. సాధారణము అను విశేషణమును గమనింపవలెను. గట్టు ఇద్దఱలో నొక్కనిది కాదు, ఇద్దఱిదియును. ఇరుగుపొరుగుల మర్యాద యను మాటకు మొదటి యర్థ మిదియే. గట్టును దున్నుకొన్నవాఁడు మర్యాద తప్పినవాఁ డనుట యలంకారము కాదు, వాచ్యార్థము.

ఇఁక శాస్త్రము. కల్యాణీచాళుక్యుఁడైన యాఱవ విక్రమాదిత్యుని కాలమున వెలసిన మితాక్షర భూవివాదమునకు ఆఱు హేతువులను కాత్యాయనవచనముచేఁ జూపును: నేల యెక్కువ యనుట, తక్కువ యనుట, పాలు కలదనుట, లేదనుట, పూర్వానుభవము లేకయే యనుభవించుట, హద్దు. సీమను జనపదసీమ, గ్రామసీమ, క్షేత్రసీమ, గృహసీమ యని నాలుగుగా విభజించి, లక్షణమునుబట్టి మరల నైదు విధములని నారదుని మాటగాఁ జెప్పును. చెట్లచేఁ దెలియునది ధ్వజిని. నీటిచేఁ దెలియునది మత్స్యిని. నేలలోఁ బాఁతిన బొగ్గు, ఊక మొదలగువానిచేఁ దెలియునది నైధాని. ఉభయుల సమ్మతిచే నేర్పడినది భయవర్జిత. గుఱుతులును నెఱిఁగినవారును లేనపుడు రాజాజ్ఞచే నేర్పడినది రాజశాసననీత. నిక్షేపమువలె నేలలో దాఁగిన హద్దును నైధాని యనుటలోను, తగవులేని హద్దును భయవర్జిత యనుటలోను గల యౌచిత్యము కవుల కసూయ పుట్టించునట్టిది.

మనువు ఈ విషయమున మిక్కిలి లోకజ్ఞుఁడు. హద్దులను గూర్చి జనులు నిత్యము భ్రమపడుదురు గావున, పైకిఁ గనఁబడు చెట్లు, చెఱువులు మాత్రమే చాలవనియు, ఱాళ్లు, ఎముకలు, బూడిద, పెంకులు, ఇటుకలు, ఇసుక మొదలైన చెడిపోని వస్తువులను రహస్యముగాఁ బాఁతవలెననియు విధించెను. హద్దుల తగవును జ్యేష్ఠమాసమునఁ దీర్పవలెనని యాతఁడు చెప్పిన కారణ మింకను జక్కనిది: అప్పుడు గట్టు స్పష్టముగాఁ గనఁబడును. మార్కాపురము మెట్టలను వేసవి చివరఁ జూచినవారి కీ మాటకు వ్యాఖ్యానము వలదు. పైరు లేదు, గడ్డి లేదు. గనిమ వెన్నెముకవలెఁ దేలియుండును.

యాజ్ఞవల్క్యుఁడు సాక్షులను జెప్పిన క్రమము విమర్శకు మఱింత ముఖ్యము. పొరుగుపొలమువారు, వృద్ధులు, గోపాలకులు, ఎల్లయొద్ద దున్నువారు, వనచరులు: వీరాతని సాక్షులు. ధనవంతుఁడనియు, విద్వాంసుఁడనియు నిట విశేషము లేదు. ఎవఁడా నేలమీఁద నడచెనో వాఁడే ప్రమాణము. నల్లమల యంచున నున్న యూళ్లలోఁ బశువుల కాపరియు, చెంచును ఎఱిఁగినంతగా నడవిపొలిమేరను దూరపుఁ గచేరి యెఱుఁగునా? ఆ సాక్షులు ఎఱ్ఱని పూలమాలలు, ఎఱ్ఱని వస్త్రములు ధరించి, తలపై మన్ను పెట్టుకొని యెల్ల వెంబడి నడిచి చూపవలెను. ఈ సాక్ష్యమున మాటయును నడకయును నొకటియే. అబద్ధమాడినచో నొక్కొక్కనికిని మధ్యమసాహసదండము.

దండవిధానమున మఱియొక విశేషము కలదు. గట్టును భేదించినవానికి నధమదండము. ఎల్లను దాఁటి దున్నినవానికి నుత్తమదండము. క్షేత్రమును హరించినవానికి మధ్యమదండము. పొలమునంతయు నాక్రమించుటకంటె నెల్ల దాఁటి దున్నుట కెక్కువ దండన యేల? నాకుఁ దోఁచిన సమాధానమిది. బహిరంగముగా హరించినవానిని ఊరంతయుఁ జూచును. హద్దు నిలిచియే యుండును. ఏటేట నొక చాలు జరుపువాఁడు నేలతోపాటు సాక్ష్యమును గూడ దొంగిలించును. లెక్క చూతము. మున్రో కాలమున దత్తమండలములను గొలిచిన గొలుసు 33 అడుగులది. అట్టి నలువది చదరపు గొలుసు లొక యెకరము. పది గొలుసుల పొడవు గల గట్టు ఒక్క యడుగు జరిగినచో 330 చదరపుటడుగులు, అనఁగా ముప్పాతిక సెంటు పోవును. ఏఁటికి రెండంగుళముల చొప్పున జరిపినచో నాఱేండ్లకు పని ముగియును. అట్టివానికిఁ బెద్దదండము విధించిన స్మృతికర్త పొలము చూడని మునియని యెవరనఁగలరు?

ఈ శాస్త్రమును తెలుఁగునకుఁ దెచ్చినవాఁడు మూలఘటిక కేతన. తిక్కన కాలమువాఁడైన యీతఁడు దశకుమారచరిత్రమును తిక్కన కంకితము చేసెను. ఆంధ్రభాషాభూషణమున తెలుఁగునకు వ్యాకరణము చెప్పెను. విజ్ఞానేశ్వరీయమున నాచార, వ్యవహార, ప్రాయశ్చిత్తకాండములుగా ధర్మమును బద్యములలో నిలిపెను. భాషకు మేరలు కట్టిన చేయియే వ్యవహారమునకును మేరలు కట్టుట యాకస్మికము కాదు. తగవులాడువాఁడు తెలుఁగువాఁడు, సాక్ష్యము చెప్పువాఁడు తెలుఁగువాఁడు, తీర్పు కాధారమైన సూత్రము మాత్రము వారికిఁ దెలియని భాషలో నుండుట కేతన కనుచితముగాఁ దోఁచియుండును. ఆతఁడు పద్యమును గ్రహించుటలో గుణమును గలదు, కొఱఁతయును గలదు. సూత్రము కంఠస్థమగుటకుఁ బద్య మనుకూలము. కాని యీ చింతచెట్టునుండి యా పుట్టకు, పుట్టనుండి వాఁగునకు అని ప్రత్యేకక్షేత్రము నెల్లలు చెప్పవలసినపుడు యతిప్రాసలు సాయపడవు. విధి పద్యమున నిలువఁగలదు. హద్దు గద్యమునే కోరును.

శాసనము లీ మాటకు సాక్ష్యము. తూర్పుచాళుక్యుల తామ్రశాసనములఁ జూడుఁడు. వంశప్రశస్తి సంస్కృతము, దాత గుణములు సంస్కృతము, దత్తభూమి యెల్లల కడకు వచ్చునప్పటికి తెలుఁగు మాటలు తలయెత్తును. రాజును బొగడుటకు గీర్వాణము చాలును. పుట్టను, గుంటను, తెరువును జెప్పుటకుఁ దెలుఁగే కావలెను. ఏలయన ప్రశస్తి తప్పైనను ఎవరికిని నష్టము లేదు. ఎల్ల తప్పైనచోఁ బొరుగువాఁడు మఱునాఁడే వచ్చును. తెలుఁగు గద్యము యథార్థకథనమును నేర్చుకొన్న తొలిపాఠశాలలలో నీ సీమావాక్య మొకటి యని నా యభిప్రాయము. త్రిపురాంతకేశ్వరుని యాలయమున నున్న కాకతీయకాలపు శాసనములను జదువువారు రాజుల పేళ్లకై, శకవర్షములకై వెదకుదురు. దానభూముల తావులను జెప్పు మాటలను దాఁటిపోవుదురు. చరిత్రకారునకది తగును. సాహిత్యపరిశోధకునకుఁ దగదు.

ఈ గద్యము రెండవ దశ కైఫీయతులు. 1800లో నిజాము దత్తమండలములను కుంఫిణీ కిచ్చిన పిదప నొకవైపు మున్రో గొలుసు, మఱియొకవైపు మెకంజీ లేఖకులు ఊళ్లలోఁ దిరిగిరి. ఒకరు కొలిచిరి, ఒకరు చెప్పించుకొనిరి. పెక్కు కైఫీయతులలో గ్రామమునకు చుట్టునున్న పొలిమేరయూళ్లు దిక్కులవారీగాఁ జెప్పఁబడినవి. కరణముల కవిలెలాధారముగాఁ బుట్టిన యీ వాక్యములు పొడవైనవి, పారసీకపదములతో నిండినవి, వ్యాకరణమునకు లొంగనివి. వీనిని వైయాకరణులు గ్రామ్యమని త్రోసివేసిరి. కాని దిక్కు, వస్తువు, దూరము, స్వామ్యము అను నాలుగింటిని నొక్క యూపిరిలో నిలుపు శక్తి వీనికిఁ గలదు. దోషము లేకపోలేదు. చెప్పినవాఁడే వ్రాసెను, చెప్పినవానికే లాభము కలుగవచ్చును. కావుననే యొక యూరి కైఫీయతును పొరుగూరి కైఫీయతుతోఁ బోల్చి చదువవలెను. 1812 నాఁటి యైదవ నివేదిక గ్రామోద్యోగులను వర్ణించుచు, పొలిమేరలను గాపాడి తగవు వచ్చినపుడు సాక్ష్యము చెప్పు సీమకాపరి నొకనిఁ బ్రత్యేకముగాఁ బేర్కొన్నది. యాజ్ఞవల్క్యుని సాక్షి అప్పటికిని ఉద్యోగములో నుండెనన్నమాట.

పాలకుల హద్దులు మాత్రము పలుమాఱులు మాఱినవి. కంభము, మార్కాపురము ప్రాంతములు 1858లోఁ గడపనుండి కర్నూలునకును, 1970 ఫిబ్రవరి 2న కర్నూలునుండి క్రొత్తగా నేర్పడిన ఒంగోలు జిల్లాకును బోయినవి. ఆ జిల్లాయే 1972లో ప్రకాశము పేరు దాల్చెను. అప్పటికే ఊరు కదలకయే మూఁడు జిల్లాలు తిరిగినది. జనపదసీమ రాజశాసననీత, క్షేత్రసీమ యట్లు కాదు. అది పొరుగువారి నోటను, మనస్సునను నిలిచి యుండవలెను.

నేఁటి స్థితి యేమి? స్థలము కొలిపించిన గృహస్థుఁడు తన గోడ పొరుగువాని స్థలములో నున్నదని విని నిశ్చేష్టుఁడగుచున్నాఁడు. ఐదెకరములు కొన్న రైతు నేలమీఁద నాలుగున్నరయే చూచుచున్నాఁడు. ఇట్టి యాశ్చర్యములకు దుర్బుద్ధి కొంత కారణము. పంపకములందుఁ గాలియడుగులతోఁ గొలుచుట, సర్వేఱాళ్లు నాఁగటికిఁ దగిలి తొలఁగుట, వాఁగు త్రోవ మార్చుట కొంత కారణము. కాని మన పరిశోధకులకుఁ జిరపరిచితమైన కారణ మొకటి వేఱుగాఁ గలదు. పాత దస్తావేజులోని విస్తీర్ణమును క్రొత్తదానిలోనికిఁ గొలువకయే యెక్కింతురు. దానినుండి మఱియొకదాని కెక్కింతురు. మొదటి లేఖకుని పొఱపాటు ప్రతులన్నిటను సంక్రమించును. తాళపత్రగ్రంథములఁ బరిష్కరించువారి కీ వ్యాధి కొత్త కాదు. ప్రతు లెన్ని యేకీభవించినను మూలము తప్పైనచో నన్నియుఁ దప్పే. భూమి విషయమున మూలప్రతి నేలయే.

ఇంతకంటె ఘోరమైన దోషము చెక్కుబంది రచనలో నున్నది. నేఁటి పత్రములలోఁ దఱచుగాఁ దూర్పున ఫలానివారి పొలము, పడమట ఫలానివారి పొలము అని పేళ్లు మాత్రమే యుండును. ఆ ఫలానివారి పత్రము విప్పి చూచినచో వారి పడమటి హద్దు వీరి పొలము. వీని తూర్పు వాఁడు. వాని పడమర వీఁడు. నడుమ గట్టెక్కడ నున్నదో యే పత్రమును జెప్పదు. తార్కికులు దీనిని అన్యోన్యాశ్రయదోష మందురు. రెండు కుంటికఱ్ఱలు ఒకదాని కొకటి యానుకొని నిలిచినట్లుండును. ఒకటి తొలఁగినచో రెండవదియుఁ బడును. పొరుగువాఁ డమ్మినను, మరణించినను, ఆతని పొలము నలుగురు కుమారులకుఁ బంచఁబడినను ఆ పేరు నిరర్థకము. శాసనలేఖకుఁడు పుట్టను, ఱాతిని, మడుఁగును జెప్పెను. అవి శాశ్వతములు కాకపోయినను మూఁడవ సాక్షులు. వాదిప్రతివాదుల కిరువురకును వెలుపలివి. ఆ మూఁడవ యాధారమును విడుచుటయే మన గద్యమునకుఁ గలిగిన పతనము.

ఇది కేవలము శైలివిచారము కాదు. విస్తీర్ణమునకును హద్దులకును విరోధము వచ్చినపుడు సామాన్యముగా హద్దులే విస్తీర్ణముకంటె బలవత్తరములని మన న్యాయస్థానములు స్థిరముగాఁ జెప్పుచున్నవి. పత్రములో నైదెకరములని యున్నను హద్దులలోపల నాలుగున్నరయే యున్నచో నాలుగున్నరయే. ఐదున్నర యున్నచో సాధారణముగా నైదున్నరయే. సంఖ్యను మాట జయించు నరుదైన తావిది. అట్టి మాటను శూన్యముగా వ్రాయుట తన కోటద్వారమును దానే తెఱచిపెట్టుట వంటిది.

భూమికొలత వచ్చిన పిమ్మట మాటతోఁ బని యేమి యని పూర్వపక్షము చేయవచ్చును. 1923 నాఁటి సర్వే, సరిహద్దుల చట్టము హద్దును నిర్ణయించుటకు మార్గము చూపినది. ఆ నిర్ణయమునకు నొప్పుకొననివాఁడు ప్రకటన జరిగిన మూఁడేండ్లలోపల దావా వేయవచ్చును. 2020 డిసెంబరు 21న రాష్ట్రమున డ్రోనులతోను, ఉపగ్రహసంకేతములతోను రీసర్వే మొదలైనది. అంగుళములవఱకు స్థానము తెలుపు యంత్రములు వచ్చినవి. ఇవి మేలు చేయవని నేననను. చాలు జరుపువానికిఁ బటమే పరమశత్రువు. కాని యంత్రము బిందువు స్థానమును జెప్పును. ఆ బిందువు హద్దేల యయ్యెనో చెప్పదు. దానిని నిలుపవలసిన చోటును మనుష్యుఁడే చూపవలెను. ఆ చూపునపుడు పొరుగువారు లేకపోయినచో నెంత సూక్ష్మమైన కొలతయైనను రాజశాసననీతయే యగును గాని భయవర్జిత కానేరదు. రీసర్వేలోఁ బలువురి పొలములను నొక్క సంఖ్యక్రిందఁ జేర్చిన ఉమ్మడి ఎల్.పి.ఎం. లపై వచ్చిన ఫిర్యాదులు దీనికి నిదర్శనము. అక్కడ వెలుపలి గీఁత సరిగా నుండవచ్చును; లోపలి గట్టు మాత్రము మూఁగవోయినది. 2023 అక్టోబరు 31న అమలునకు వచ్చిన భూహక్కుల చట్టము జనులలో భయమును బుట్టించి 2024లో రద్దగుటయు, సమ్మతిలేని స్పష్టత నిలువదనుటకు మఱియొక దృష్టాంతము. 1984లో వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దయినవి. వానిలోని యన్యాయము పోవుట మేలే. వానితోపాటు పొలిమేర లెఱిఁగినవాని మాటయును బోయినది. దానికి బదులుగా మనము మఱియొక మాటను నేర్పలేదు.

స్మృతులయందే మఱియొక హితము గలదు. హద్దు మీఱి కట్టిన సేతువైనను నొకనికిఁ గొంచెము బాధయుఁ బలువురకు మిక్కిలి మేలును గలిగించునేని దానిని వారింపరాదని యాజ్ఞవల్క్యుఁ డనెను. గుండ్లకమ్మకు కొండలనడుమ నడ్డకట్టగాఁ గట్టఁబడి, రాయలదేవి వరదరాజమ్మ పేరఁ బ్రసిద్ధికెక్కిన కంభముచెఱువును జూచినవారి కీ వాక్యములోని యౌదార్యము తెలియును. హద్దు మనుష్యులను విడఁదీయుటకే కాదు. ఎచ్చట విడిచిపెట్టవలెనో తెలుపుటకును.

కావునఁ బండితులు చేయఁదగిన పని గలదు. ఊరూరఁ బాఁతపత్రములలోని సీమాపదములను, గట్టు, గనిమ, పుట్ట, వంక, డొంక మొదలగువానిని, స్వాముల పేళ్లు విడిచి సంకలనము చేయవచ్చును. పాఠశాలలో లేఖారచన నేర్పునపుడు చెక్కుబంది వ్రాయుట నొక యభ్యాసముగాఁ బెట్టవచ్చును. దానికి సూత్రము నాలుగు మాటలలోఁ జెప్పఁదగును: ప్రతిదిక్కునకును బొరుగువాని పేరు, ఆ పేరుతో నేలమీఁది గుఱుతొకటి, కదలని రెండు తావులనుండి దానికి దూరము, నాలుగుదిక్కుల పొరుగువారి సమ్మతి. మొదటిది నేఁటి యాచారము, రెండవది శాసనకారులది, మూఁడవది గొలుసువారిది, నాలుగవది యాజ్ఞవల్క్యునిది. ఈ నాలుగును గూడిన వాక్యమునఁ గవిత్వము లేకపోవచ్చును గాని అన్యోన్యాశ్రయ ముండదు. అట్టి వాక్యమును నిర్దుష్టముగా వ్రాయనేర్చిన విద్యార్థి భాషలో నొక మర్యాదను, ఊరిలో నొక మర్యాదను నిలిపినవాఁ డగును.